పాఠ్య ఫైళ్లను సవరించే ఏఐ ఏజెంటుకు వినియోగ పత్రం: బోయిన్‌పల్లి మార్కెట్ ధరల పట్టిక ఆధారంగా ఒక పాఠం

సారాంశం

ధరల పట్టికలు, సస్యరక్షణ సూచనలు వంటి పాఠ్య ఫైళ్లను సవరించే పనిని ఏఐ ఏజెంట్లకు అప్పగించే వీలు ఇప్పుడు విస్తరణ విభాగాలకు కలిగింది. ఏజెంట్ ఈ పనిని ఒక సవరణ సాధనం ద్వారా చేస్తుంది. ఆ సాధనం ఎలా పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో ఏజెంటుకు తెలిపేది దానికి జతచేసిన వినియోగ పత్రమే. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ పేరుతో తయారుచేసిన ఒక అభ్యాస పట్టికను తీసుకొని, అటువంటి పత్రంలో ఏయే అంశాలు ఉండవలెనో, తెలుగు లిపి కారణంగా ఏ అదనపు జాగ్రత్తలు అవసరమో ఈ వ్యాసంలో వివరించడమైనది. సందేహం ఉన్నచోట సాధనం ఊహించి సవరించరాదనీ, కారణం తెలిపి నిరాకరించవలెననీ, ఆ నిరాకరణ సందేశాన్ని సైతం వినియోగ పత్రంలో భాగంగానే భావించి రాయవలెననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ముఖ్య పదాలు: ఏఐ ఏజెంట్, పాఠ్య ఫైలు, సవరణ సాధనం, వినియోగ పత్రం, యూనికోడ్, మార్కెట్ సమాచారం, వ్యవసాయ విస్తరణ

ఉపోద్ఘాతం

సికింద్రాబాదు పరిధిలోని బోయిన్‌పల్లిలో ఉన్న డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కూరగాయల మార్కెట్ జంటనగరాలకు కూరగాయలు సరఫరా చేసే ప్రధాన టోకు మార్కెట్లలో ఒకటి. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన పరిజ్ఞానంతో ఇక్కడ కూరగాయల వ్యర్థాల నుంచి బయోగ్యాస్, విద్యుత్తు ఉత్పత్తి చేస్తున్న విషయాన్ని ప్రధానమంత్రి 2021 జనవరి 31న 'మన్ కీ బాత్' ప్రసంగంలో ప్రస్తావించారు. రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల జీవ ఇంధనం లభిస్తున్నట్లు ఆయన తెలిపారు. ఆ ప్రసంగంతో ఈ మార్కెట్ పేరు దేశమంతటా వినబడింది.

అయితే రైతుకు ఈ మార్కెట్ నుంచి ప్రతిరోజూ కావలసినది ధరల సమాచారం. 2000లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ ఆగ్‌మార్క్‌నెట్ వ్యవస్థ మార్కెట్ల వారీగా కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలను క్వింటాలుకు రూపాయలలో ప్రకటిస్తుంది. ఆ రోజు ఎక్కువ సరకు ఏ ధరకు అమ్ముడైనదో అదే మోడల్ ధర. ఇటువంటి అంకెలను తీసుకొని మండల స్థాయిలో తెలుగు సందేశంగా మార్చి రైతులకు చేరవేయడం విస్తరణ కార్యక్రమాలలో ఒక భాగం.

ఈ సందేశంలో ఒక అంకె మారితే ఏమి జరుగుతుందో విస్తరణ శాస్త్రవేత్తలకు వేరుగా చెప్పనక్కరలేదు. టమాట మోడల్ ధర 1600 బదులు 2600 అని వెళ్లితే, రైతు వాహనం కిరాయికి మాట్లాడుకొని తెల్లవారేసరికి మార్కెట్‌కు చేరుకుంటాడు. సరకు నిల్వ ఉండదు కనుక వచ్చిన ధరకే అమ్మక తప్పదు. సస్యరక్షణ సూచనల విషయంలో నష్టం ఇంకా తీవ్రంగా ఉంటుంది. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్. మందును రసం పీల్చే పురుగులకు లీటరు నీటికి 0.3 మి.లీ. చొప్పున సిఫారసు చేస్తారు. సవరణలో సున్నా, చుక్క రెండూ జారిపోతే అది 3 మి.లీ. అవుతుంది, అంటే మోతాదు పది రెట్లు పెరుగుతుంది. కాబట్టి పాఠ్య ఫైలు సవరణను కేవలం కంప్యూటర్ విభాగానికి సంబంధించిన విషయంగా భావించరాదు.

ఏజెంట్, సాధనం, పత్రం: వీటి పరస్పర సంబంధం

ఏఐ ఏజెంట్ స్వయంగా ఫైలును తాకదు. దానికి ఆధారమైన భాషా నమూనా "ఫలానా ఫైలులో ఫలానా పాఠాన్ని ఫలానా విధంగా మార్చవలెను" అనే అభ్యర్థనను నిర్ణీత రూపంలో రాస్తుంది. వేరొక ప్రోగ్రాం ఆ అభ్యర్థనను చదివి పని చేసి, ఫలితాన్ని తిరిగి పాఠంగా పంపుతుంది. ఆ ఫలితాన్ని చదివి ఏజెంట్ తదుపరి అడుగు నిర్ణయించుకుంటుంది. ఈ మధ్యవర్తి ప్రోగ్రామునే సాధనం అంటారు. సాధనం పేరు, అది తీసుకునే విలువలు, వాటి అర్థం, హద్దులు తెలిపే రాతను వినియోగ పత్రం అంటారు. ఈ పత్రం భాషా నమూనాకు పని ప్రారంభంలోనే అందుతుంది.

మనుషుల కోసం చేసిన సవరణ సాధనాలకు చాలా కాలపు చరిత్ర ఉన్నది. 1969లో కెన్ థాంప్సన్ యూనిక్స్ కోసం రాసిన 'ఈడీ' పంక్తుల వారీగా పనిచేసేది. వాడుకరి ఏ పొరపాటు చేసినా అది సాధారణంగా ఒక్క ప్రశ్నార్థకాన్ని మాత్రమే చూపేది. 1976లో బిల్ జాయ్ రాసిన 'వీఐ' ఫైలును తెర నిండుగా చూపి, కర్సర్‌తో కావలసిన చోటికి వెళ్లే సౌకర్యం కల్పించింది. ఈ రెండూ మనిషి కన్నునూ, అనుభవాన్నీ, పక్కనున్న సహోద్యోగిని అడిగి తెలుసుకునే అవకాశాన్నీ నమ్ముకొని నిలిచాయి. ఏజెంటుకు ఇటువంటి ఆసరా లేదు. ప్రశ్నార్థకం ఒక్కటే తిరిగి వస్తే అది కారణాన్ని ఊహించుకొని ముందుకు సాగుతుంది. ప్రమాదం ఆ ఊహలోనే ఉన్నది.

ఈ తేడాను గుర్తించి 2024లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ 'ఎస్‌డబ్ల్యూఈ-ఏజెంట్' పరిశోధనలో ఏజెంట్-కంప్యూటర్ ఇంటర్‌ఫేస్ అనే భావనను ప్రతిపాదించారు. ఫైలును ఒక్కసారిగా కుమ్మరించకుండా వంద పంక్తుల చొప్పున చూపడం, ప్రోగ్రాం వ్యాకరణాన్ని చెడగొట్టే సవరణను అక్కడికక్కడే తిరస్కరించడం వారు చేసిన ఏర్పాట్లలో ముఖ్యమైనవి. అదే సంవత్సరం డిసెంబరులో ఆంత్రోపిక్ సంస్థ తన అనుభవాన్ని వివరిస్తూ, ఫైలు చిరునామాను పాక్షికంగా ఇచ్చినప్పుడు నమూనా పొరపాట్లు చేసిందనీ, ఎల్లప్పుడూ పూర్తి చిరునామా ఇవ్వవలెనని సాధనంలోనే నిబంధన పెట్టిన తరువాత ఆ పొరపాట్లు ఆగాయనీ తెలిపింది. ఈ రెండు సందర్భాలలోనూ మెరుగుదల సాధనం నుంచీ దాని నిబంధనల నుంచీ వచ్చినదే తప్ప నమూనాలో మార్పు చేయడం వల్ల వచ్చినది కాదు.

విస్తరణ విద్యార్థులకు ఈ విషయం సులభంగా బోధపడుతుంది. "అవసరాన్ని బట్టి తగిన మందు వాడండి" అనే సూచన రైతుకు ఉపయోగపడదు. మందు పేరు, మోతాదు, పిచికారీ చేయవలసిన దశ, కోతకు ముందు పాటించవలసిన వ్యవధి, కలపకూడని మందులు చెప్పినప్పుడే అది సిఫారసు అవుతుంది. చదువరి తిరిగి ప్రశ్నించలేని స్థితిలో ఉన్నాడని గుర్తుంచుకొని రాయడమే ఈ రెండింటికీ సమానమైన సూత్రం.

అభ్యాస పట్టిక

ఈ పాఠం కోసం ఆరు పంక్తుల చిన్న ఫైలును తీసుకోవడమైనది. ఇందులోని అంకెలు అభ్యాసం కోసం కల్పించినవే గాని ఏ రోజు ధరలూ కావు. ప్రతి పంక్తిలో మార్కెట్, సరకు, కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు అనే ఐదు గడులు కామాలతో విడదీసి ఉన్నాయి.

1: మార్కెట్,సరకు,కనిష్ఠం,గరిష్ఠం,మోడల్
2: బోయిన్‌పల్లి,టమాట,1200,2000,1600
3: బోయిన్‌పల్లి,వంకాయ,1200,2000,1500
4: బోయిన్‌పల్లి,బెండకాయ,2000,3000,2600
5: బోయిన్‌పల్లి,పచ్చిమిర్చి,2000,3500,2800
6: గుడిమల్కాపూర్,టమాట,1200,2000,1600

పంక్తి ముందున్న సంఖ్య, దాని తరువాతి రెండు చుక్కలు ఫైలులో లేవు. చూపేటప్పుడు సాధనం వాటిని జతచేస్తుంది. ఏజెంటుకు ఇచ్చిన పని ఇది: "బోయిన్‌పల్లి టమాట మోడల్ ధర 1600 కాదు, 1800. సరిచేయవలెను."

సాధనంలోని ఆదేశాలు

2024 అక్టోబరులో ఆంత్రోపిక్ సంస్థ విడుదల చేసిన పాఠ్య సవరణ సాధనంలో ఐదు ఆదేశాలు ఉండేవి. ఈ తరహా ఇతర సాధనాలలోనూ దాదాపు ఇవే కనిపిస్తాయి. తెలుగులో వాటిని చూపు, సృష్టించు, మార్చు, చేర్చు, రద్దుచేయు అని పిలుచుకోవచ్చు. ఒక్కొక్క ఆదేశానికి పత్రంలో తప్పనిసరిగా రాయవలసిన విషయాలు ఈ విధంగా ఉన్నాయి.

చూపు: ఫైలు మొత్తాన్ని గాని, అడిగిన పంక్తులను మాత్రమే గాని చూపుతుంది. లెక్క 1 నుంచి మొదలవుతుందా, 0 నుంచా అన్నది స్పష్టంగా చెప్పవలెను. పంక్తి సంఖ్యలు ఫైలులో భాగం కావని, వాటిని 'మార్చు' ఆదేశంలోకి తీసుకురాకూడదని విడిగా రాయవలెను. ఈ ఒక్క వాక్యం లేనందున "2: బోయిన్‌పల్లి" అని వెతికి, దొరకక తిరిగివచ్చే అవకాశం ఉన్నది.

సృష్టించు: కొత్త ఫైలును తయారుచేస్తుంది. అదే పేరుతో ఫైలు ఇదివరకే ఉంటే ఏమి జరుగుతుందన్నది ఇక్కడ కీలకమైన ప్రశ్న. కొన్ని సాధనాలు నిరాకరిస్తాయి, మరికొన్ని పాతదానిని తుడిచి కొత్తది రాస్తాయి. పత్రం దీనిపై మౌనంగా ఉంటే నెల రోజుల పట్టిక ఒక్క ఆదేశంతో మాయం కావచ్చు.

మార్చు: పాత పాఠం, కొత్త పాఠం అనే రెండు విలువలు తీసుకొని, మొదటిదాని స్థానంలో రెండవదానిని ఉంచుతుంది. పాత పాఠం ఫైలులో ఉన్నది ఉన్నట్లుగా, ఖాళీలతో సహా సరిపోవలెను. కొత్త పాఠాన్ని ఖాళీగా పంపితే తొలగింపు అవుతుందని కూడా రాయవలెను.

చేర్చు: చెప్పిన పంక్తి తరువాత కొత్త పాఠాన్ని ఉంచుతుంది. 0 అంటే ఫైలు ప్రారంభంలో అని అర్థం. "తరువాత" అన్న మాటను ఉదాహరణతో చూపవలెను. ఒక పంక్తి చేర్చిన వెంటనే దాని దిగువనున్న పంక్తుల సంఖ్యలన్నీ మారుతాయి కనుక, ఇంతకుముందు చూసిన సంఖ్యలు ఇక చెల్లవని, మరల 'చూపు' వాడవలెనని తెలపాలి.

రద్దుచేయు: చివరి సవరణను వెనక్కి తీసుకుంటుంది. 2025లో క్లాడ్ 4 నమూనాలకు ఇచ్చిన రూపంలో ఆంత్రోపిక్ ఈ ఆదేశాన్ని తొలగించింది. అందువల్ల ఏ రూపం వాడుతున్నామో పత్రంలో పేర్కొనడం, రద్దుపై ఆధారపడక ముందుగానే ఫైలు నకలు తీసి ఉంచడం మంచిది. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన 'గిట్' వంటి వ్యవస్థలో ఫైలును ఉంచితే ప్రతి మార్పూ తేదీతో సహా నమోదవుతుంది.

పురుగుమందు డబ్బాపై విషతీవ్రతను ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలతో సూచించడం విద్యార్థులకు తెలిసినదే. ఆదేశాలకు కూడా ఇటువంటి వర్గీకరణ చేసుకోవచ్చు. ఏమీ మార్చని 'చూపు' ఆకుపచ్చ, ఉన్నదానిని తుడవని 'చేర్చు' నీలం, 'మార్చు' పసుపు, ఉన్న ఫైలును తుడిచే అవకాశమున్న 'సృష్టించు' ఎరుపు. ఎరుపు ఆదేశాన్ని మనిషి అనుమతి లేనిదే నడపరాదని నిబంధన పెట్టుకొనవచ్చును.

ఒకే చోట సరిపోవలెనన్న నియమం

'మార్చు' ఆదేశానికి ప్రాణం వంటి నియమం ఒకటి ఉన్నది. పాత పాఠం ఫైలులో సరిగ్గా ఒకే చోట ఉండవలెను. ఎక్కడా లేకపోయినా, ఒకటికి మించిన చోట్ల ఉన్నా సాధనం ఏ మార్పూ చేయరాదు.

అభ్యాస పట్టికతో దీనిని పరీక్షించవచ్చు. ఏజెంట్ "1600" అనే పాఠాన్ని "1800"గా మార్చమని అడిగితే అది 2, 6 పంక్తులలో, అంటే రెండు చోట్ల ఉన్నది. "టమాట,1200,2000,1600" అని ఇంకొంచెం పొడిగించినా మరల రెండు చోట్లే ఉంటుంది. "2000" అనే అంకె అయిదు చోట్ల కనిపిస్తుంది. మార్కెట్ పేరుతో సహా పంక్తి మొత్తాన్ని ఇచ్చినప్పుడే అది ఒకే చోట సరిపోతుంది.

మొదట దొరికిన చోట మార్చివేస్తే చాలదా అన్న సందేహం రావచ్చు. ఈ పట్టికలో మొదటిది బోయిన్‌పల్లి పంక్తే కనుక ఫలితం సరిగానే వస్తుంది. రేపు గుడిమల్కాపూర్ పంక్తి పైకి వస్తే, అదే ఆదేశం వేరొక మార్కెట్ ధరను మారుస్తుంది, ఏ హెచ్చరికా ఉండదు. సస్యరక్షణ సూచనల ఫైలులో "లీటరు నీటికి 2 మి.లీ." అనే మాట నాలుగైదు మందుల కింద రావడం సర్వసాధారణం. అక్కడ మొదటి చోటును మార్చడమంటే అడగని మందు మోతాదును మార్చడమే. అన్ని చోట్లా మార్చడం అంతకన్నా ప్రమాదకరం.

పేర్ల విషయంలో మరొక చిక్కు ఉన్నది. "మిర్చి" అని వెతికితే అది "పచ్చిమిర్చి"లో కూడా దొరుకుతుంది. "టమాట" అనే మాట "టమాటా" అనే రూపంలోనూ ఇమిడి ఉంటుంది. అక్కడ మార్పు జరిగితే చివరి దీర్ఘం ఆధారం లేకుండా విడిగా మిగిలిపోతుంది. కాబట్టి పాత పాఠాన్ని గడి సరిహద్దులైన కామాలతో సహా ఇవ్వవలెనని పత్రంలో సూచించవలెను.

కంటికి కనబడని అక్షరం

తెలుగు ఫైళ్ల విషయంలో ఆంగ్ల పత్రాలు సాధారణంగా ప్రస్తావించని సమస్య ఒకటి ఉన్నది. బోయిన్‌పల్లి అనే పేరే దీనికి చక్కని ఉదాహరణ.

ఈ పేరులో నకారపు పొల్లు తరువాత పకారం వస్తుంది. యూనికోడ్ విధానంలో పొల్లు తరువాత హల్లు వస్తే అవి రెండూ కలిసి, రెండవ హల్లు ఒత్తుగా మారుతుంది. అలా కలవకుండా న్, ప విడివిడిగా కనిపించడానికి వాటి నడుమ జీరో విడ్త్ నాన్‌జాయినర్ అనే అక్షరాన్ని ఉంచుతారు. దానికి రూపం లేదు, వెడల్పు లేదు. అయినా ఫైలులో అది ఒక అక్షరంగా నిల్వ ఉంటుంది.

లెక్క వేసి చూస్తే విషయం స్పష్టమవుతుంది. కంటికి ఐదు అక్షరాలుగా కనిపించే "బోయిన్‌పల్లి"లో అచ్చు గుర్తులు, పొల్లులు, ఈ అదృశ్య అక్షరం కలిపి 12 యూనికోడ్ సంకేతాలు ఉన్నాయి. యూటీఎఫ్-8 విధానంలో తెలుగు సంకేతం ప్రతిదానికీ 3 బైట్లు, అదృశ్య అక్షరానికీ 3 బైట్లే కనుక మొత్తం 36 బైట్లు. ఆ అక్షరం లేకుండా రాసిన "బోయిన్పల్లి"లో 11 సంకేతాలు, 33 బైట్లు మాత్రమే ఉంటాయి. చదువరికి రెండూ ఒకే ఊరు. ఉన్నది ఉన్నట్లుగా పోల్చే సాధనానికి అవి రెండు వేర్వేరు పాఠాలు.

ఫైలు ఒక కీబోర్డుతో, ఏజెంటుకు ఇచ్చిన సూచన మరొక కీబోర్డుతో తయారైతే ఈ తేడా సులభంగా ఏర్పడుతుంది. భాషా నమూనా పాఠాన్ని తిరిగి రాసేటప్పుడు కూడా అదృశ్య అక్షరాన్ని వదిలివేయవచ్చు. అప్పుడు పంక్తి మొత్తాన్ని సరిగా ఇచ్చినట్లు కనిపించినా, సాధనం "దొరకలేదు" అని చెబుతుంది. ఏజెంట్ తెరపై ఆ పంక్తిని చూస్తూనే ఉంటుంది, అయినా పని జరగదు. కారణం తెలియని ఏజెంట్ అదే ఆదేశాన్ని పదే పదే పంపవచ్చు, లేదా విసిగినట్లుగా 'సృష్టించు' ఆదేశంతో ఫైలు మొత్తాన్ని తిరిగి రాయడానికి పూనుకోవచ్చు. రెండవది మరింత హానికరం. తాకనవసరం లేని మిగిలిన పంక్తులలోని అంకెలు కూడా అప్పుడు నమూనా చేతిమీదుగా వెళ్తాయి.

ఇటువంటి తేడాలు మరికొన్ని ఉన్నాయి. ఐత్వపు గుర్తును ఒకే సంకేతంగానూ, ఎత్వం, దాని కింది గుర్తు అనే రెండు సంకేతాలుగానూ నిల్వ చేయవచ్చు. అందువల్ల "పైరు" అనే మాట రెండు విధాలుగా ఉండగలదు. విండోస్‌లో తయారైన ఫైళ్లలో పంక్తి చివర అదనంగా ఒక అదృశ్య సంకేతం ఉంటుంది. ఎక్సెల్ నుంచి యూటీఎఫ్-8 రూపంలో దాచిన కామాల ఫైలులో మొదటి పంక్తికి ముందు ఒక గుర్తు చేరుతుంది. తెలుగు అంకెలు, సాధారణ అంకెలు వేర్వేరు సంకేతాలు. ఇక అను ఫాంట్లలో కూర్చిన పాత పాఠం యూనికోడ్ కానే కాదు కనుక, దానిని ముందుగా యూనికోడ్‌లోకి మార్చనిదే ఏజెంటుకు అప్పగించరాదు.

దీనికి పరిష్కారంగా అదృశ్య అక్షరాలను లెక్కచేయకుండా పోల్చి మార్చివేయమని సాధనానికి చెప్పడం తగదు. అది మరల ఊహకే దారితీస్తుంది. ఈ వ్యాసం సూచించే మార్గం ఇది: ముందు ఉన్నది ఉన్నట్లుగా పోల్చవలెను. దొరకకపోతే అదృశ్య అక్షరాలను పక్కనపెట్టి వెతకవలెను. అప్పుడు దొరికిన పంక్తి సంఖ్యను, తేడా ఏమిటో ఏజెంటుకు తెలపవలెను. ఫైలును మాత్రం తాకరాదు. వెతకడంలో సాధనం ఉదారంగా ఉండవచ్చు, మార్చడంలో మాత్రం కచ్చితంగా ఉండవలెను.

నిరాకరణ సందేశం

సాధనం నిరాకరించినప్పుడు పంపే సందేశం ఏజెంట్ చదివే తదుపరి పాఠం. కనుక అందులో మూడు అంశాలు ఉండవలెను: ఏమి జరిగింది, ఫైలు స్థితి ఏమిటి, ఇప్పుడు ఏమి చేయవచ్చు. "తప్పు జరిగింది" అనే సందేశం ఈడీ చూపిన ప్రశ్నార్థకానికి భిన్నం కాదు. ఈ కింది సందేశాలను పోల్చి చూడవచ్చు.

"పాత పాఠం 2 చోట్ల ఉన్నది: 2, 6 పంక్తులు. ఫైలులో ఏ మార్పూ చేయలేదు. మార్కెట్ పేరుతో సహా పంక్తి మొత్తం ఇవ్వండి."

"పాత పాఠం దొరకలేదు. ఫైలులో ఏ మార్పూ చేయలేదు. 2వ పంక్తిలో ఇదే పాఠం ఒక అదృశ్య అక్షరం తేడాతో ఉన్నది. 'చూపు' ద్వారా ఆ పంక్తిని తీసుకొని యథాతథంగా వాడండి."

"సవరణ తిరస్కరించబడినది. 2వ పంక్తిలో మోడల్ ధర 18000, గరిష్ఠ ధర 2000 కన్నా ఎక్కువ. విలువను సరిచూడండి."

మూడవ సందేశం ప్రత్యేకంగా గమనించదగినది. ఎస్‌డబ్ల్యూఈ-ఏజెంట్ ప్రోగ్రాం వ్యాకరణాన్ని కాపాడినట్లే, ధరల పట్టికకు కూడా ఒక వ్యాకరణం ఉన్నది. ప్రతి పంక్తిలో ఐదు గడులు ఉండవలెను. చివరి మూడూ అంకెలే కావలెను. మోడల్ ధర కనిష్ఠ, గరిష్ఠాల మధ్య ఉండవలెను. మందుల ఫైలులో ప్రతి మందుకూ అనుమతించిన మోతాదు హద్దును ఇదే విధంగా నిర్దేశించవచ్చు. ఈ నియమాలను తెలిసినవారు వ్యవసాయ శాస్త్రవేత్తలే కనుక, ఈ పత్రాన్ని పూర్తిగా ప్రోగ్రామర్లకు వదిలివేయడం సరికాదు.

అయితే ఈ పరీక్షకు పరిమితి ఉన్నది. 1800 బదులు 1900 అని రాస్తే అది హద్దుల లోపలే ఉంటుంది, సాధనం పట్టుకోలేదు. అందువల్ల విజయవంతమైన సవరణ తరువాత కూడా సాధనం మారిన పంక్తిని తిరిగి చూపవలెను. రైతులకు పంపే ముందు పాత పంక్తిని, కొత్త పంక్తిని పక్కపక్కన ఉంచి బాధ్యతగల అధికారి చూసి ఆమోదించవలెను.

మాదిరి వినియోగ పత్రం

పై చర్చ ఆధారంగా, అభ్యాస పట్టికకు సరిపడే 'మార్చు' ఆదేశపు పత్రాన్ని కింద ఇవ్వడమైనది. విద్యార్థులు దీనిని తమ ఫైళ్లకు అనుగుణంగా మార్చుకొనవచ్చును.

1. ప్రయోజనం: ఫైలులో ఒకే చోట ఉన్న పాఠాన్ని వేరొక పాఠంగా మార్చడానికి. కొత్త పంక్తి కలపడానికి 'చేర్చు' వాడండి. ఫైలును తిరిగి రాయడానికి 'సృష్టించు' వాడకండి.

2. కావలసిన విలువలు: ఫైలు పూర్తి చిరునామా, పాత పాఠం, కొత్త పాఠం. ధరల సంచిక వెలుపలి ఫైళ్లను ఈ సాధనం తెరవదు.

3. ముందు చేయవలసినది: ఇదే పనిలో ఆ పంక్తిని 'చూపు' ద్వారా చూసి ఉండాలి. పాత పాఠాన్ని అక్కడి నుంచే తీసుకోవాలి, జ్ఞాపకం నుంచి రాయకూడదు. పంక్తి సంఖ్యను చేర్చకూడదు.

4. సరిపోలిక: ఖాళీలు, కామాలు, అదృశ్య అక్షరాలతో సహా ఉన్నది ఉన్నట్లుగా పోలుస్తుంది. సరిగ్గా ఒక చోట సరిపోతేనే మారుస్తుంది.

5. ఉదాహరణ: పాత పాఠం "బోయిన్‌పల్లి,టమాట,1200,2000,1600"; కొత్త పాఠం "బోయిన్‌పల్లి,టమాట,1200,2000,1800". "1600" అని మాత్రమే ఇస్తే నిరాకరిస్తుంది, ఎందుకనగా అది 6వ పంక్తిలోనూ ఉన్నది.

6. నిరాకరణ: నిరాకరించినప్పుడు ఫైలు మారదు. సందేశంలోని కారణాన్ని సరిచేసి మరల ప్రయత్నించండి. రెండుసార్లు విఫలమైతే ఆగి, బాధ్యుడైన అధికారికి తెలియజేయండి.

7. ఫలితం: మారిన పంక్తిని తిరిగి చూపుతుంది. అది అడిగిన మార్పుతో సరిపోయినదో లేదో చూడండి.

ఆరవ అంశంలోని "ఆగి తెలియజేయండి" అనే మాటకు ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. పని పూర్తి చేయడమే లక్ష్యంగా సాగే ఏజెంటుకు, పూర్తి చేయలేకపోవడం కూడా అంగీకరించదగిన ఫలితమేనని ఎక్కడో ఒకచోట రాసి ఉండవలెను. లేనిచో అది ఏదో ఒక మార్గాన్ని వెతుక్కుంటుంది.

పత్రాన్ని పరీక్షించు విధానం

కొత్త వంగడాన్ని విడుదలకు ముందు వివిధ ప్రాంతాలలో పరీక్షించినట్లే, వినియోగ పత్రాన్ని కూడా వాడుకకు ముందు పరీక్షించవలెను. ఇందుకోసం ఫైలు నకలుపై ఈ కింది ఆరు పనులు అప్పగించవచ్చు: ఒకే చోట ఉన్న విలువ మార్పు, రెండు చోట్ల ఉన్న విలువ మార్పు, ఫైలులో లేని సరకు ధర మార్పు, అదృశ్య అక్షరం లేకుండా రాసిన మార్కెట్ పేరుతో మార్పు, హద్దు దాటిన ధర, ఉన్న పేరుతోనే కొత్త ఫైలు సృష్టి. ప్రతి పనినీ పలుమార్లు చేయించి, ఎన్నిసార్లు సరిగా ముగిసినదో, ఎన్నిసార్లు సరిగా ఆగినదో వేరువేరుగా లెక్కించవలెను. ఒకే ప్రశ్నకు భాషా నమూనా ప్రతిసారీ ఒకే విధంగా స్పందించదు కనుక ఒక్క ప్రయత్నంతో నిర్ణయానికి రావడం శాస్త్రీయం కాదు.

ఏజెంట్ పొరపడినచోట ముందుగా పత్రంలోని వాక్యాన్ని పరిశీలించవలెను. ఒకటి కంటే ఎక్కువ అర్థాలకు తావిచ్చే మాట ఏది, చెప్పకుండా వదిలినది ఏది అని చూసి, ఒక్కొక్క వాక్యాన్ని మార్చి మరల అవే ఆరు పనులు చేయించవలెను. ఒకేసారి పలు వాక్యాలు మారిస్తే ఏ మార్పు ఫలించినదో తెలియదు.

ముగింపు

ఏఐ ఏజెంటుకు పాఠ్య ఫైలు సవరణ అప్పగించడం వల్ల సిబ్బందికి సమయం ఆదా కావచ్చు. అయితే ధరల పట్టికలోని ప్రతి అంకె వెనుక ఒక రైతు నిర్ణయం ఉన్నది. ఊహించే సాధనం వేగంగా పని ముగిస్తుంది, కాని దాని తప్పు ఎవరికీ కనబడదు. నిరాకరించే సాధనం కొంత ఆలస్యం చేస్తుంది, కాని తన సందేహాన్ని బయటపెడుతుంది. విస్తరణ పనికి రెండవదే తగినది. బోయిన్‌పల్లి అన్న పేరులోని ఒక్క అదృశ్య అక్షరం చూపినట్లు, తెలుగు ఫైళ్లకు సంబంధించిన జాగ్రత్తలు ఆంగ్ల పత్రాల అనువాదంతో సమకూరవు. తెలుగు లిపినీ, స్థానిక మార్కెట్లనూ, మందుల మోతాదులనూ ఎరిగినవారే వాటిని రాయవలసి ఉన్నది.

అభ్యాసాలు

1. అభ్యాస పట్టికలో "1200" ఎన్ని చోట్ల ఉన్నది? వంకాయ కనిష్ఠ ధరను మాత్రమే మార్చడానికి సరిపోయే అతి చిన్న పాత పాఠాన్ని రాయండి.

2. 3వ పంక్తి తరువాత కాకరకాయ ధరను చేర్చితే గుడిమల్కాపూర్ పంక్తి సంఖ్య ఎంత అవుతుంది? ఏజెంట్ ఈ మార్పును తెలుసుకొనుటకు పత్రంలో ఏ వాక్యం ఉండవలెను?

3. మీ మండలంలోని గ్రామాల పేర్లలో అదృశ్య అక్షరం అవసరమయ్యేవి ఐదింటిని గుర్తించి, ఆ అక్షరంతోనూ, అది లేకుండానూ ఒక్కొక్క పేరులో ఎన్ని యూనికోడ్ సంకేతాలు ఉన్నాయో లెక్కించండి.

4. ఏదైనా ఒక పంటకు సంబంధించిన సస్యరక్షణ సూచనల ఫైలుకు మూడు హద్దు నియమాలను, వాటిని అతిక్రమించినప్పుడు సాధనం పంపవలసిన సందేశాలను రాయండి.